ఓ అక్కా, జర నీళ్లు!

ఖాలా చనిపోయిందన్న కబురు ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. ఫోన్‌లో ఆమె కోడలు. "అమ్మీ లేదక్కా ఇగ. దవాఖాన నుంచి ఇంటికి తెస్తున్నం, నువ్వు రా," అని పెట్టేసింది. శంషాబాద్ బస్సు వచ్చింది, నిండుగా ఉంది, ఎక్కాను. మెట్టు మీద నిలబడ్డ ఒకాయన జరగమంటే జరగలేదని అతనితో గట్టిగా గొడవపడ్డాను. నాకు దుఃఖం వచ్చినా ముందు కోపం రూపంలోనే బయటికొస్తుంది. ఖాలా పక్కన ఉంటే, "అదిగో, కుక్కర్ విజిలేసింది," అనేది.

ఖాలా అంటే పిన్ని. మాకు రక్తసంబంధం ఏమీ లేదు. మా గల్లీ మలుపులో బట్టలు కిరాయికిచ్చే దుకాణం ఆమెది. పెళ్లికొడుకుల షేర్వానీలు, పెళ్లికూతుళ్ల లెహంగాలు, బడిలో నాటకాలేసే పిల్లలకు అట్టకిరీటాలు కూడా దొరికేవి. గల్లీలో ఏ ఇంటి పిల్లలమైనా ఆమెను ఖాలా అనే పిలిచాం. ఆమె కూడా ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలో మాట్లాడేది. కోపం వస్తే మాత్రం ఉర్దూ.

నేను ఫొటోలు తీస్తాను. పెళ్లికి ముందు జంటలకు, మోడలింగ్‌లోకి పోవాలనుకునే అమ్మాయిలకు. స్టూడియో కిరాయి కట్టలేని వాళ్లే నా దగ్గరికి వస్తారు కాబట్టి, పాడుబడ్డ ఇళ్లే మా స్టూడియో. ఎయిర్‌పోర్ట్ చుట్టూ అలాంటివాటికి కొదవ లేదు. మూతబడ్డ కోళ్లఫారాలు, పిల్లర్ల దగ్గరే ఆగిపోయిన అపార్ట్‌మెంట్లు, అన్నదమ్ములు కోర్టుకెక్కితే తాళం పడ్డ ఇళ్లు. పెచ్చులూడిన గోడ మీద పొద్దుటి వెలుతురు పడితే ఏ స్టూడియో దానికి సాటి రాదు. నేను స్కూటర్ మీద తిరిగి అలాంటి ఇళ్లు వెతికేదాన్ని. వెనక సీటు మీద బట్టలమూటతో ఖాలా.

"నువ్వెందుకు ఖాలా ఇంత ఎండల?" అని మొదట్లో అడిగాను.

"నా లెహంగాకు సున్నం అంటకుండ చూసుకోవద్దా? నేను బట్టల కోసం వస్తున్న. నీకోసమనుకున్నవా?"

మీలో ఈ పని చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు కొందరైనా ఉంటారు, వాళ్ల కోసం చెబుతున్నాను. పాడుబడ్డ ఇంట్లో మోడల్‌ను నిలబెట్టే ముందు నేను చూసేవి చాలా ఉన్నాయి. స్లాబ్ కింద ఇనుపచువ్వలు బయటపడి తుప్పు పట్టాయంటే ఆ గదిలోకి పోను. అంచుగోడ లేని మెట్లు ఎక్కనివ్వను. సంపు మీద మూత ఉందా, తేనెపట్టు ఎక్కడుంది, పాత పెంకులకుప్ప కింద పురుగూ పుట్రా ఉన్నాయా, యజమాని ఒప్పుకున్నాడా. ఇవన్నీ అయ్యాక ఖాలా వంతు వచ్చేది. ఆమె చూసేది ఒక్కటే.

మొదటిసారి మామిడిపల్లి దారిలో, మూతబడ్డ ఒక కోళ్లఫారంలో చూశాను. నేను కెమెరా తీస్తుంటే ఆమె చెప్పులు చప్పుడు చేసుకుంటూ అన్నింటికన్నా లోపలి గదికి నడిచింది. కిటికీ కూడా లేని గది. దుపట్టా నడుముకు చుట్టుకుని, గొంతు సవరించుకుని, రేకులు అదిరేలా అరిచింది.

"ఓ అక్కా! జర నీళ్లిస్తవా!"

నేను పరుగెత్తుకుపోయాను. "ఏమైంది ఖాలా? సంచిల సీసా ఉంది గద!"

ఆమె వేలు పెదవుల మీద పెట్టుకుంది. అప్పుడే తల మీద నుంచి విమానం దిగుతోంది. అది పోయేదాకా ఆగి మళ్లీ అరిచింది. ఈసారి గోడ అవతల ఎక్కడినుంచో ఒక ఆడగొంతు, "ఎవరమ్మా లోపట? వస్తున్న ఉండు!" అంది.

"ఆఁ," అంది ఖాలా. "ఇగ నీ డబ్బా తెరువు."

ఆమె పద్ధతి అంతే. లోపలి గదిలో నిలబడి కేకేస్తే బయటి నుంచి ఒక ఆడగొంతు జవాబు చెప్పాలి. చెబితే ఆ ఇల్లు పనికొస్తుంది. చెప్పకపోతే గోడ మీద ఎంత బంగారం లాంటి వెలుతురు పడినా మూట విప్పేది కాదు. జవాబు వచ్చిన ఇంటికి తానే నడిచివెళ్లి, గడప దగ్గర కూర్చుని, నిజంగానే నీళ్లు తాగేది. దుపట్టా అంచుకు ఎప్పుడూ ఒక వరుస పిన్నీసులు గుచ్చుకుని ఉండేది. ఆ ఇంటామె జాకెట్టు హుక్కు ఊడి ఉంటే ఒకటి తీసి ఇచ్చేది. పిల్లలెందరు, బోరులో నీళ్లున్నాయా, మీ ఆయన ఏం చేస్తడు. ఇక్కడ నా వెలుతురు పోతుండేది.

"ఖాలా, ఎండ పోతుంది!"

"రేపు గూడ వస్తది బేటీ, ఏడికి పోతది. ఈ అక్కతోని మాటలు మళ్ల దొరుకుతయా?"

తుక్కుగూడ వైపు ఆగిపోయిన ఒక అపార్ట్‌మెంట్‌లో ఆమె కేకకు మగగొంతు పలికింది. కాపలా మనిషి, పెద్దాయన. నిజంగానే సీసా నిండా చల్లటి నీళ్లు పట్టుకొచ్చాడు. ఖాలా తాగి, "సలామత్ ఉండు అన్నా," అని దీవించి, మూట సర్దేసింది.

"పాపం, మంచోడు గద ఖాలా!" అన్నాను దారిలో.

"మంచోడే. ఆయన డ్యూటీ దిగినంక వచ్చేటోడు ఎసొంటోడో ఆయనకే తెల్వదు, నాకేం తెల్సు? ఇంటి పక్కన సంసారం ఉండాలె."

కేక ఆమె ఒక్కతే వేస్తే సరిపోదు. ఫొటోలో ఉండబోయే అమ్మాయి కూడా వేయాలి. ఇక్కడే తమాషా. మోడలింగ్‌కు వచ్చే పిల్లలు ఎలా నడవాలో, మెడ ఎంత తిప్పాలో ఫోన్‌లో చూసి నేర్చుకుని వస్తారు. అరవమంటే సిగ్గుపడతారు. ఎయిర్‌పోర్ట్ లోపల కాఫీ కౌంటర్‌లో పనిచేసే అమ్మాయి ఒకతె వచ్చింది. ఆ పిల్ల మొదటి కేక నాకు పక్కనే నిలబడినా వినపడలేదు.

"ఎక్స్‌క్యూజ్ మీ, వాటర్..." అంది.

ఖాలా నడుము పట్టుకుని నవ్వింది. "గిది నీ కాఫీ దుకాణం గాదు బిడ్డా! నిన్ను తేలు కుట్టింది. గిట్లనే చెప్తవా?"

"ఓ అక్కా..."

"తేలు ఇంక ఎక్కుతుంది!"

"ఓ అక్కా! జర నీళ్లూ!"

పావురాలు లేచిపోయాయి. బయట ఎవరో పలికారు. ఆ పిల్ల తన గొంతుకు తనే బిత్తరపోయి నిలబడింది. తర్వాత తీసిన ఫొటోల్లో ఆ అమ్మాయి చూపు వేరుగా ఉంది. అరిచిన తర్వాతే ఫొటో తీయాలని నేను అప్పటినుంచి నియమం పెట్టుకున్నాను.

ద్రాక్షతోట బంగ్లా సంగతి తెచ్చింది ఆ పిల్లే. ఒకప్పుడు మా వైపు ద్రాక్షతోటలు ఉండేవి. తీగలు ఎప్పుడో పోయాయి, వాటిని పాకించిన రాతికంబాలు మాత్రం అక్కడక్కడ వరుసలుగా మిగిలాయి. మామిడిపల్లి దాటాక విమానాలు దిగే దారి కింద అలాంటి కంబాల మధ్య తోట యజమాని పాత బంగ్లా ఒకటి ఉంది. ముందు నల్లరాతి వరండా. కాఫీ కౌంటర్ పిల్ల వాళ్లమ్మ పెళ్లికి ముందు ఆ తోటలో ద్రాక్షగుత్తులు కోసింది. కూలీలు వరండా ఎక్కకూడదు. వానొచ్చినా మెట్ల కిందే తడుస్తూ నిలబడేవాళ్లట.

"ఆ వరండా మీద నన్ను నిలబెట్టి ఒక్క ఫొటో తియ్యక్కా," అని అడిగిందా పిల్ల. "మా అమ్మకు చూపిస్త."

అంతకన్నా నాకేం కావాలి? నేను ఈ పనిలోకి వచ్చిందే అలాంటి ఫొటో కోసం. కోఠి ఫుట్‌పాత్ మీద, సభల దగ్గర చాపల మీద కొన్న చిన్న పుస్తకాలే నా చదువు. భూమి ఎవరిదో, ఇల్లు ఎవరిదో, ఆడది ఎక్కడ నిలబడాలో ఎవరు నిర్ణయిస్తారో వాటిలోనే చదివాను. ఆ వరండా ఫొటో ఒక్కటి తీస్తే ఆ పుస్తకాలన్నీ ఒకవైపు, అది ఒకవైపు అనుకున్నాను. పైగా సమయం లేదు. ప్లాట్ల కోసం హద్దురాళ్లు అప్పటికే పాతారు. బంగ్లాను ఎప్పుడైనా పడగొడతారు. ఇప్పటి యజమానిని అడిగితే, "కూలగొట్టే దానికి పర్మిషనేంది, తీసుకో," అన్నాడు.

ఖాలాను తీసుకుపోయాను. స్లాబ్ గట్టిగా ఉంది. సంపు ఎండిపోయి మట్టితో పూడింది. ఖాలా లోపలి గదిలోకి పోయి కేకేసింది. విమానం పోయాక మళ్లీ వేసింది. కిటికీ మార్చి వేసింది. ఏ గొంతూ పలకలేదు. రాతికంబాలు, ముళ్లకంప, దూరంగా ఎయిర్‌పోర్ట్ గోడ.

"పోదాం పా," అంది.

ఆ మధ్యాహ్నం దుకాణంలో మా ఇద్దరికీ పెద్ద గొడవైంది. ఆమె ఒక లెహంగాకు ఊడిన అద్దాలు కుడుతోంది.

"ఆడగొంతు వినపడే చోటుకే పోవాలంటే మనం ఇగ ఎక్కడికి పోతం ఖాలా? ఎవ్వలూ లేని చోట నిలబడే హక్కు మొగోళ్లకేనా?"

"కైకూ చిల్లారీ? ఎందుకట్ల ఒర్లుతున్నవ్? హక్కు ఉన్నది. ఎవరు లేదన్నరు?"

"మరి?"

"హక్కును ఒక్కదాన్నే పంపకు బేటీ. తోడిచ్చి పంపు."

నేను సంచిలోంచి ఒక పుస్తకం తీసి, ఆడవాళ్లు భయాన్ని ఎలా వారసత్వంగా ఇచ్చుకుంటూ పోతారో రాసిన పేజీ గట్టిగా చదివి వినిపించాను. ఆమె సూది ఆపి శ్రద్ధగా విన్నది.

"మంచిగ రాసింది. రాసినామె ఏడుంటది?"

"నాకేం తెల్సు!"

"బంగ్లా పక్కనైతే ఉండదు గద."

"నువ్వు భయపడుతున్నవ్ ఖాలా."

"అవు. నీకోసం గాదు, నీకు నోరుంది. ఆ పిల్ల కోసం. నేను రాను. ఆ పిల్లను గూడ పోనియ్య."

పిల్ల కూడా, "ఖాలా వస్తెనే వస్త అక్కా," అంది. నేను దుకాణం మెట్లు దిగి వచ్చేశాను. వానకాలమంతా మళ్లీ ఎక్కలేదు. ఆ రోజు నేనన్న మాట తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఒక ఆడపిల్ల ఒక ఇంట్లో నిలబడి ఫొటో దిగడానికి చుట్టుపక్కల చెవులు వెతుక్కోవలసి రావడం సిగ్గుచేటు. ఆ సిగ్గు ఆమెది కాదు, నాదీ కాదు. అలా రాసిపెట్టిన వాళ్లది.

మాటలు లేకపోయినా కబుర్లు వచ్చేవి. కాఫీ కౌంటర్ పిల్ల చేత చెప్పించేది: "ఆ కుక్కర్‌కు చెప్పు, దాని స్కూటర్ వెనక లైటు ఎలుగుతలేదు." నిజంగానే వెలగడం లేదు. బాగు చేయించుకున్నాను. ఇంకోసారి, "దాని గుండీ ఊడింది, రోడ్డు మీద పోతుంటె చూసిన," అని పిన్నీసు పంపింది.

చక్కెరజబ్బు ఆమెకు ముందునుంచే ఉంది. వానలు తగ్గేసరికి కాలి మీద పుండు ముదిరింది. దవాఖానలో చేర్చారని తెలిసి పోయాను. మంచం మీద చిన్నదైపోయి ఉంది. నన్ను చూసి మొదట అడిగిన మాట, "నీ బంగ్లా ఉన్నదా, కూలగొట్టిన్రా?"

"ఉన్నది."

"నన్ను లేవనీ. ఒకపారి పోయి రావాలె."

నన్ను ఊరడించడానికి అంటోందనుకున్నాను. "లే ముందు, తర్వాత చూద్దాం," అన్నాను. కోడలు తెచ్చిన గంజి రెండు గుక్కలు తాగి, చప్పగా ఉందని ఉర్దూలో తిట్టింది. తిట్టింది కదా, కోలుకుంటుందనుకుని ఇంటికొచ్చాను.

ఆరాంఘర్ నుంచి నేను ఇల్లు చేరేసరికి గల్లీ అంతా జనం. లోపల ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. మగవాళ్లు జనాజా ఎత్తుకుని కబరస్తాన్‌కు బయలుదేరారు. నేనూ వస్తానని గుమ్మం దాకా పోయాను. కోడలు నా మణికట్టు పట్టుకుని, "అమ్మీ కోసం ఇక్కడ కూసో అక్కా," అంది. కూర్చున్నాను.

కూర్చున్నాక చుట్టూ చూశాను. ఇంటి ముందుగదే దుకాణం. అక్కడ వేలాడే లెహంగాల కింద, చాపల మీద ఎవరెవరో ఆడవాళ్లు. ముఖాలు సరిగ్గా గుర్తు లేవు. మాట్లాడుతుంటే తెలిసింది. ఆ బొంగురు గొంతు కోళ్లఫారం పక్కింటామె. ఆ సన్నటి గొంతు తుక్కుగూడ దారిలో పాత గోదాము వెనక ఉండే ఆమె. ఏ గోడ అవతలినుంచి పలికిన వాళ్లు ఆ గోడ వదిలి వచ్చారు. ఒకామె జాకెట్టుకు ఖాలా ఇచ్చిన పిన్నీసు ఇంకా ఉంది.

నా పక్కన కూర్చున్న ఆమె మాత్రం కొత్త. వేళ్ల చివర్లు బొగ్గుతో నల్లబడి ఉన్నాయి.

"నువ్వేనా ఫొటోల పిల్లవు?" అంది.

"ఆఁ. మీరు?"

"ఎప్పుడొస్తవ్ మరి? వానలు పడ్డప్పటిసంది ఎదురుచూస్తున్న."

"ఎక్కడికి?"

"ద్రాక్షతోట బంగ్లా కాడికి! ఆడనే గద నా మక్కబండి."

ఆమె బస్టాండ్ దగ్గర మక్కకంకులు కాల్చి అమ్మేదట. రోడ్డు వెడల్పు చేస్తూ బండి తీసేయమన్నారు. ఎక్కడికి పోవాలో తెలియక తిరుగుతుంటే ఖాలా ఆపి, "బంగ్లా కాడికి పో, సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకొని విమానాలు చూడను వస్తరు, వానల కంకి వాసనొస్తె కొనకుండ పోతరా?" అందట. తానే ఆటోలో తీసుకుపోయి చోటు చూపించిందట. గిరాకీ బాగుందని, ఇప్పుడు భర్తా పిల్లలతో అక్కడే రేకులషెడ్డు వేసుకుని ఉంటున్నారని చెప్పింది.

"ఖాలా ఒకటే మాట చెప్పింది. లోపటికెంచి ఒక పిల్ల నీళ్లడుగుతది, నువ్వు ఏ పనిల ఉన్నా గట్టిగ జవాబియ్యాలె అన్నది. ఆ ఫొటోల పిల్లకు చెప్పినవా అంటె, ఇప్పుడే వద్దు, నేను పోయి కేకేసి చూసినంకనే చెప్త, లేకుంటె అది ఇయ్యాల్నే ఉరుకుతది అన్నది."

ఆమె నవ్వింది. నేను కూడా నవ్వబోయాను, రాలేదు. నా పుస్తకాలు లోకాన్ని మార్చాలని చెప్పాయి. ఎక్కడ మొదలుపెట్టాలో ఏ పేజీలోనూ దొరకలేదు. ఖాలా ఒక మక్కబండితో మొదలుపెట్టింది. ఆ సంగతి నాతో వాదించేటప్పుడు ఆమెకు ఇంకా తట్టి ఉండదు. నేను మెట్లు దిగి పోయాక, అద్దాలు కుడుతూ ఆలోచించి ఉంటుంది.

ఆమె వేయాల్సిన కేక ఒకటి మిగిలిపోయింది.

నెల తిరక్కముందే పోయాం. బంగ్లా ఇంకా ఉంది, గేటు దాకా పొక్లెయిన్ వచ్చి ఆగి ఉంది. ఖాలా కోడలు బట్టలమూట కట్టి ఇచ్చింది. ముడి పొడవునా వరుసగా పిన్నీసులు గుచ్చి ఉన్నాయి. కాఫీ కౌంటర్ పిల్ల సెలవు పెట్టి వచ్చింది. నేను స్లాబ్ చూశాను, మెట్లు చూశాను, వానకు సంపు మట్టి కుంగిందేమో కర్రతో పొడిచి చూశాను. ఆ పిల్ల ఊదారంగు లెహంగా కట్టుకుని, కుచ్చిళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని లోపలి గదిలోకి నడిచింది.

విమానం దగ్గరికి వస్తున్న చప్పుడు.

"ఆగు, అది పోనీ," అన్నాను.

"ఎందుకక్కా, దాని కింద గూడ వినపడాలె గద," అని, నా వైపు చూడకుండానే ఊపిరి పీల్చుకుని అరిచింది. "ఓ అక్కా! జర నీళ్లు!"

విమానం బంగ్లా మీదుగా పోయింది. తలుపులు లేని చౌకట్లు అదిరాయి. అదంతా సద్దుమణిగాక చెవులు రిక్కించాం. ఏ గొంతూ లేదు. పావురాలు ఒక్కొక్కటే వచ్చి దూలం మీద వాలుతున్నాయి. ఆ పిల్ల ముఖం చూడలేక నేను కెమెరా మూత బిగించాను. మూట కట్టేయాలి, ఖాలా ఉంటే అదే చేసేది.

"ఎన్నిపార్లు చెప్పాలె, వస్తున్న వస్తున్న అని!" బయటినుంచి కోపంగా వినపడింది. "ఆ ఇమానం సప్పుడుల మీ చెవులేమన్న పోయినయా?"

ఇద్దరం పరుగెత్తాం. మక్కబండి అక్క అప్పటికే రాతికంబాల మధ్య నుంచి వచ్చేసి వరండా మెట్ల కింద నిలబడి ఉంది. చేతిలో స్టీలు చెంబు, నీళ్లు తొణక్కుండా దాని మూతి మీద నల్లబడ్డ అరచెయ్యి. నీళ్లు అక్కడినుంచే పైకి అందించబోయింది.

"పైకి రా అక్కా," అంది కాఫీ కౌంటర్ పిల్ల.

ఆమె చెప్పులు విడిచి, చీర అంచుకు కాళ్లు తుడుచుకుని వరండా ఎక్కింది. పిల్ల చెంబు ఎత్తి, లెహంగా తడుస్తున్నా పట్టించుకోకుండా గటగటా తాగింది. నేనూ తాగాను. మిగిలింది మక్కబండి అక్క తాగి, చెంబును అక్కడే పెట్టి, బొగ్గులు ఆరిపోతాయని వెళ్లిపోయింది.

ఆ పిల్ల ఫొటోలు బాగా వచ్చాయి. వాళ్లమ్మకు చూపించింది కూడా. ఫొటోలు అయ్యాక, తిరిగి ఇవ్వడానికి చెంబు తీస్తే దాని కింద నల్లరాతి బండ మీద గుండ్రంగా తడి. ఎండ పడి అంచుల నుంచి మెల్లగా ఆరుతోంది. అది పూర్తిగా ఆరేదాకా ఇద్దరం వరండాలోనే కూర్చున్నాం.